ఇన్‌స్టాలో 12 వేల ఫాలోవర్లు, పైసలు మాత్రం సున్నా

తమ్ముడూ, 12 వేల ఫాలోవర్లున్నారు, రీల్స్ లక్షల్లో పోతున్నాయి, అయినా ఒక్క పైసా రాలేదు, ఎక్కడ తప్పు జరుగుతోందని అడిగావు. తప్పేం లేదు, మన దగ్గర ఇన్‌స్టా వ్యూస్ లెక్కన డబ్బులు వేయదు, అంతే.

నాది దేవరకొండ వైపు ఊరు, నాన్నకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. డ్రిప్పు పైపు ఎలుక కొరికితే ఎట్లా అతకాలి, ఎండు కొమ్మ ఎక్కడికి కోయాలి, ఇట్లాంటివే ఫోన్‌లో తీసి ముందు యూట్యూబ్‌లో పెట్టేవాణ్ణి. అక్కడ లెక్క సాఫ్‌గా ఉంటుంది. యాడ్స్ పైసలు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతో పాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ ఉండాలి. ఈ 12 నెలల ముచ్చటే నన్ను సతాయించింది, ఈ పక్క గంటలు చేరుతుంటే ఆ పక్క ఏడాది దాటినవి రాలిపోతుంటాయి, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

అదీ దాటి 10 డాలర్లు జమయ్యాక, మన అడ్రసు నిజమో కాదో చూడటానికి గూగుల్ ఒక పిన్ నంబరు పోస్టులో పంపుతుంది. మా ఊళ్లో నా పేరున్నవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. ఆ కవరు వాళ్లలో ఒక పెద్దాయనకు చేరింది, పైనున్న ఇంగ్లీషు చూసి లోన్ నోటీసనుకుని దేవుడి పటం వెనక దాచాడట, నేనేమో నెలరోజులు పోస్టాఫీసు చుట్టూ తిరిగాను. ఆ తర్వాత కూడా 100 డాలర్లు దాటితేనే బ్యాంకులో పడతాయి. మొదటి ఎనిమిది వేల చిల్లర చూసేసరికి రెండేళ్లయింది.

షాపుల ప్రమోషన్లంటావా, నల్లగొండలో ఒక హోటలాయన రెండు బిర్యానీలు పెట్టి, మిగతా డబ్బు వచ్చే వారమన్నాడు, ఇప్పటికీ ఆ వారం రాలేదు. అప్పటినుంచి సగం అడ్వాన్సు పడ్డాకే కెమెరా తీస్తున్నా, ఎన్ని రీల్స్, ఎన్నిసార్లు మార్చాలి అన్నది వాట్సాప్‌లో రాయించుకుంటున్నా. డబ్బు తీసుకున్న వీడియోకు పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ అని పెట్టు, పాన్ కార్డు దగ్గరుంచుకో. బెట్టింగ్ యాప్ వాళ్లు ఒక్క స్టోరీకి 40 వేలిస్తామని మెసేజ్ పెట్టారు, అబద్ధమెందుకు, ఒక రాత్రంతా ఆలోచించాను. వద్దనుకోవడమే మంచిదైంది, 2025 మార్చిలో హైదరాబాద్‌లో అట్లాంటి ప్రమోషన్లు చేసినవాళ్ల మీద పోలీసు కేసులు పడ్డాయి.

నాకు అసలు పైసలు కనబడింది నా ఇన్‌స్టాలో ఇన్‌సైట్స్ (ఫాలోవర్లు ఏ ఊరివాళ్లో, ఏ వయసువాళ్లో చూపించే పేజీ) తెరిచి ఊళ్ల లిస్టు చూసినప్పుడు. ఫాలోవర్లలో సగానికి పైగా హైదరాబాదే, అందులోనూ ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు సెటిలైన మనోళ్లే కామెంట్లలో ఎక్కువ. వాళ్లకు హోటల్ రీల్‌తో ఏం పని? మన తోట కాయ కావాలి. మార్కెట్లో టన్నుల లెక్కన, తరుగు తీసేసి ఇచ్చే రేటు కంటే, 10 కిలోల బాక్సులు కట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తే ఖర్చులు పోనూ బాగానే మిగిలింది. మొదటి వాన రోజు తొందరపడి తడి మీద కోసిన కాయ మాత్రం దారిలోనే బూజు పట్టింది, తొమ్మిది బాక్సుల డబ్బులు వెనక్కిచ్చేశాను. ఇప్పుడు కాయ కోశాక నీడన ఒక పూట ఆరబెట్టి, అదీ వీడియో తీసి పెట్టి, ఆ తర్వాతే ప్యాక్ చేస్తున్నాం.

నువ్వు దేని మీద రీల్స్ చేస్తావో రాయలేదు. ఇన్‌సైట్స్‌లో పైన ఉన్న నాలుగు ఊళ్లేవో, ఏ వయసు వాళ్లు ఎక్కువున్నారో చూసి ఇక్కడే పెట్టు, మిర్యాలగూడ, సూర్యాపేట, నల్లగొండ వాళ్లే ఎక్కువుంటే షాపులకు ఎంత రేటు చెప్పాలో అప్పుడు మాట్లాడుకుందాం.