చైన్ సా ఖాళీగా గయ్యిమంటుంది, మాను మీద పెడితే మూలుగుతుంది

ప్రశ్న: నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర. రెండేళ్ళ కిందట పెట్రోల్ చైన్ సా కొన్నానండి, 58 సీసీ, 22 ఇంచీల బారు. స్టార్టింగు బానే ఉంటుంది, ఖాళీగా రేజ్ చేస్తే గయ్యిమంటుంది, కొబ్బరి మాను మీద పెట్టగానే డౌన్ అయిపోతుంది, కాస్త గట్టిగా నొక్కితే ఆగే పోతుందండి. మెకానిక్కేమో కార్బొరేటర్ మార్చాలంటున్నాడు. మార్చెయ్యమంటారా?

జవాబు: వద్దండి, ఇప్పుడే వద్దు. కార్బొరేటర్ మార్చడం మెకానిక్‌కి సులువు, నాలుగు నట్లు విప్పి నాలుగు నట్లు బిగిస్తే అయిపోతుంది, అందుకే అందరూ ముందు అదే చెప్తారు. నా అనుమానం మాత్రం మొదట చైను మీద, తర్వాత పెట్రోలు వచ్చే దారి మీద, కార్బొరేటర్ ఆ తర్వాతే.

ముందు కోసేటప్పుడు శబ్దం ఎలా మారుతోందో గమనించండి. ఇంజను గొంతు దిగిపోయి దాంతోపాటు చైను కూడా నెమ్మదిస్తే ఇంజను మీద బరువైనా ఎక్కువైంది, లేదంటే దానికి తిండైనా చాలట్లేదు. అలా కాకుండా ఇంజను గయ్యిమంటూనే ఉండి చైను మాత్రం మానులో నిలబడిపోతే క్లచ్ జారుతున్నట్టు. ఇంజనూ బాగుంది చైనూ తిరుగుతోంది, మానే తెగట్లేదు, పైగా పొగ వస్తోంది అంటే పదును లేనట్టు, లేదా చైను తిరగేసి ఎక్కించినట్టు. నవ్వకండి, చైను శుభ్రం చేసి మళ్ళీ ఎక్కించేటప్పుడు ఇది చాలామందికి అవుతుంది, నాకూ అయింది. బారు, అంటే చైను చుట్టూ తిరిగే పొడవాటి బద్ద, దాని పైభాగాన పళ్ళ కోసే అంచు ముక్కు వైపు చూస్తుండాలి, అంతే గుర్తు పెట్టుకోండి.

మీరు రాసిన లక్షణం మొదటి రకం. అందులోనూ మీది కొబ్బరి, దాంతో ఒక చిక్కుంది. మామిడికీ వేపకీ చేవ లోపలుంటుంది, కొబ్బరికి గట్టి పీచంతా బయటి అంచున ఉండి లోపలేమో మెత్తగా ఉంటుంది, పైగా అందులో సిలికా ఉంటుంది, ఇసుకలో ఉండేదే, అది చైను పదునుని ఆకురాయి పెట్టి రుద్దినట్టు తినేస్తుంది. మామిడి తోటలో రోజంతా నడిచిన చైను కొబ్బరి మీద చాలా తొందరగా మొద్దుబారిపోతుంది. పడిపోయిన మానైతే తొక్కకి మట్టి అంటుకుని ఉంటుంది, ఇంక చెప్పక్కర్లేదు. 96 తుపాను తర్వాత కోనసీమలో కూలిన కొబ్బరి చెట్లని గొడ్డళ్ళతో, చేతిరంపాలతో కోసినవాళ్ళని అడగండి, ఆ అంచు ఎంత గట్టిదో వాళ్ళే చెప్తారు.

పదును చూడ్డానికి కొబ్బరి పనికిరాదు, ఎలా కోసినా పీచే వస్తుంది. ఒక ఎండు మామిడి కొమ్మ తెచ్చి కోసి కింద రాలింది గుప్పిట్లోకి తీసుకోండి. అటుకుల్లా పలుకులుగా ఉంటే పదునున్నట్టు, గోధుమపిండిలా ఉంటే లేనట్టు. ఇంకో గుర్తు, పదునున్న చైను తనంతట తనే మానులోకి దిగుతుంది, మీరు మిషను బరువు వదిలితే చాలు. మీరు "గట్టిగా నొక్కితే" అని రాశారు చూడండి, ఆ మాట దగ్గరే నాకు అనుమానం మొదలైంది.

మీ చైను బహుశా పాయింట్ 325 పిచ్ అయ్యుంటుంది, పిచ్ అంటే చైను లింకుల సైజు, ఆ నంబరు బారు మీదే కొట్టి ఉంటుంది చూసుకోండి. దానికి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. 30 డిగ్రీల వాలులో, లోపల్నుంచి బయటికి ఒకే వైపు తోస్తూ, ప్రతి పన్నుకీ అన్నే రుద్దులు. ఇంతవరకు అందరూ చేస్తారు. వదిలేసేది ఏంటంటే ప్రతి పన్ను ముందు చిన్న మూపురం లాంటిది ఉంటుంది, పన్ను ఎంత లోతు కొరకాలో అదే నిర్ణయిస్తుంది. అది పన్ను అంచు కంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందకుండాలి, ఏటీఎం కార్డు మందం 0.76, దానికంటే కాస్త తక్కువ అన్నమాట. పన్ను అరుగుతూ పోయి మూపురం అలాగే ఉండిపోతే చైను మాను మీద జారుతుంది తప్ప కొరకదు. అలాగని కోపంతో ఎక్కువ అరగదీస్తే పన్ను పెద్ద ముక్క పట్టి ఇంజన్ని ఆపేస్తుంది, మీరు చెప్పిన ఆగిపోవడం ఇలా కూడా రావచ్చు.

చైను బాగుందనుకుందాం. ఇంజను ఆపి, గ్లౌజు వేసుకుని చైనుని చేత్తో లాగండి, బారు చుట్టూ సాఫీగా జరగాలి. జరక్కపోతే చైను బాగా బిగుతైనా అయ్యుండాలి, బ్రేకు పూర్తిగా వదలకుండా రాస్తూ అయినా ఉండాలి, బారు గాడిలో పొట్టు గట్టిపడైనా ఉండాలి. కొబ్బరి పీచు ఆయిల్ రంధ్రాన్ని ఇట్టే మూసేస్తుంది. బారు తీసి గాడిలో సన్నటి రేకు పెట్టి గీకండి, తర్వాత స్టార్ట్ చేసి బారు ముక్కుని పాత అట్టముక్క ఎదురుగా పెట్టి రేజ్ చేస్తే అట్ట మీద నూనె గీత పడాలి. పడకపోతే బారు ఎండిపోయి నడుస్తోంది, బోలెడు పవరు ఆ రాపిడికే పోతోంది. ఇంజన్లోంచి తీసిన కాలిన ఆయిల్ చైనుకి పోసేవాళ్ళున్నారు, అందులో ఇనప పొడి ఉంటుంది, నేనైతే పొయ్యను.

ఒక్కోసారి తప్పు మిషనుది కాదు. మాను రెండు చివర్లా ఆనుకుని మధ్యలో గాల్లో ఉంటే పైనుంచి కోస్తున్న కొద్దీ గాటు మూసుకుంటుంది, బారుని పటకారులా పట్టేస్తుంది. అలాంటప్పుడు పైన కొంచెమే కోసి మిగతాది కింది నుంచి రావాలి.

ఇక ఇంజను. ఇందులో ఎప్పుడు డౌన్ అవుతోంది అన్నది చాలా చెప్తుంది. పెట్టిన వెంటనే అయితే ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, సెట్టింగు. కోస్తూ కొన్ని సెకన్లు బాగుండి తర్వాత దిగితే పెట్రోలు అందట్లేదు, ట్యాంకులో పైపు చివరుండే చిన్న ఫిల్టర్ని తీగ కొక్కెంతో లాగి చూడండి, నల్లగా ఉంటే మార్చెయ్యండి. పావుగంట బానే నడిచి ఆ తర్వాత మొదలైతే ట్యాంకు గాలి రంధ్రం. పెట్రోలు బయటికి పోతున్న కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి కదా, రాకపోతే లోపల వాక్యూం పట్టి పెట్రోలు రాదు. డౌన్ అవగానే ఇంజను ఆపేసి, చల్లారాక మూత మెల్లగా వదులు చెయ్యండి, గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, మళ్ళీ బిగించి స్టార్ట్ చేస్తే పవరు తిరిగొచ్చిందంటే దొంగ దొరికినట్టే. వేడెక్కాక ప్లగ్గులో స్పార్కే పోతుంటే అది ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిలు.

ఆర్ఎక్స్ హండ్రెడ్ నడిపినవాళ్ళకి సైలెన్సర్ సంగతి చెప్పక్కర్లేదు, కార్బన్ పట్టి బండి లాగకపోతే విప్పి కాల్చేవాళ్ళు. ఇక్కడా అదే టూ స్ట్రోక్, అదే జబ్బు. పెట్రోల్లో కలిపే 2టీ ఆయిల్ ఎక్కువ పోస్తే సైలెన్సర్ నోట్లో ఉండే చిన్న జాలీ మూసుకుపోతుంది. 40కి 1 అంటే లీటరుకి 25 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. మీ మాన్యువల్ ఏది చెప్తే అది, సిరంజితో కొలిచి పొయ్యండి, కంటి లెక్క వద్దు.

పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసింది, చాలా చైన్ సా మాన్యువల్స్‌లో 10 శాతం దాటొద్దని ఉంటుంది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. నిల్వ ఉంచిన డబ్బాలో నీరు ఎక్కువైతే ఇథనాలూ నీళ్ళూ కలిసి అడుగుకి దిగిపోతాయి, ఆయిల్ మాత్రం పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. ట్యాంకులో ఫిల్టర్ ఎక్కడుంటుంది? అడుగున. అంటే ఇంజను తాగేది ఆయిల్ లేని నీళ్ళ మందు. కలిపింది నెలలోపు వాడెయ్యండి, పని లేని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగిపోయేదాకా నడిపి పెట్టండి. లేకపోతే కార్బొరేటర్లో ఉండే పల్చటి రబ్బరు పొర, డయాఫ్రం అంటారు, అట్టలా బిగుసుకుపోతుంది. అదే చెడితే కిట్టు మారిస్తే చాలు, మొత్తం కార్బొరేటర్ అక్కర్లేదు.

అన్నిటికంటే చివర, కార్బొరేటర్ మీద హెచ్ అని రాసుండే స్క్రూ. దీని జోలికి ముందే ఎందుకు వెళ్ళొద్దంటున్నానంటే మా బాబాయి మామిడి తోటలో మిషను ఇలాగే మూలుగుతుంటే ఒక కుర్రాడు ఆ స్క్రూ బిగించి రేజ్ పెంచాడు, ఆహా ఏం గొంతు అనుకున్నాం, రెండో ట్యాంకు కాకముందే గట్టిగా కీచుమని ఆగిపోయింది. సైలెన్సర్ విప్పి టార్చ్ వేస్తే పిస్టన్ మీద నిలువు గీతలు, గోరు పెడితే తగిలేంత లోతు. హెచ్ బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది, పెట్రోలు తగ్గితే దాంతోపాటు వచ్చే ఆయిలూ తగ్గుతుంది, అదీ సంగతి. ఆ తర్వాత తెలిసింది, అసలు కారణం మొద్దు చైను. సరైన సెట్టింగులో ఫుల్ రేజ్ ఖాళీగా ఇస్తే కొంచెం బరబరలాడాలి, మానులో పెట్టగానే ఆ బరబర పోయి శబ్దం నున్నగా అవ్వాలి. ఖాళీగా ఉన్నప్పుడే సన్నగా కీచుమంటుంటే హెచ్ కొంచెం వదలండి, పావు చుట్టు కంటే తక్కువ.

చెవి మీద నమ్మకం లేకపోతే ఫోనుంది. ఆడియో స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఏదైనా వేసి, ఇంకొకర్ని దూరంగా నిలబెట్టి చూడమనండి. టూ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ ప్రతి చుట్టుకీ ఒకసారి పేలుతుంది కాబట్టి ఆ పేలుళ్ళ హెర్ట్జ్‌ని, అంటే సెకనుకి ఎన్నిసార్లో ఆ అంకెని, 60తో గుణిస్తే ఆర్‌పీఎం, నిమిషానికి ఎన్ని చుట్లో. 50 హెర్ట్జ్ అంటే 3000, 150 అంటే 9000, 200 అంటే 12000. కోసేటప్పుడు 150 దగ్గరుండాల్సింది 100కి పడిపోతుంటే కళ్ళతో చూసినట్టే. మెకానిక్కి చూపించడానికి కూడా పనికొస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా మూలుగుతుంటే కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కిపట్టే బలం. స్టార్టర్ తాడు పిడి పట్టుకుని మిషన్ని గాల్లో వేలాడదియ్యండి, ఆగి ఆగి దిగితే పర్లేదు, సర్రున జారిపోతే రింగులో బోరో పోయింది. గేజీ ఉంటే 150 పీఎస్ఐ దగ్గర మంచి ఆరోగ్యం, 100కి వస్తే పని అయిపోయినట్టే. ఇంకోటి, 22 ఇంచీల బారు మొత్తం మానులో మునిగితే మీ మిషనుకి అది బరువే, 18 ఇంచీలది వేస్తే హాయిగా ఉంటుంది, దుకాణంవాడు మాత్రం పెద్ద బారే అంటగడతాడు.

ప్రశ్న: ఆన్‌లైన్లో 48 వోల్టుల బ్యాటరీ మినీ చైన్ సా తీసుకున్నా. మా డాబా మీదకొచ్చిన జామ కొమ్మలు కోస్తుంటే నిమిషంలో ఆగిపోతోంది, ట్రిగ్గర్ వదిలి నొక్కితే మళ్ళీ వస్తోంది.

జవాబు: మీటరుంటే ఫుల్ చార్జ్ మీద బ్యాటరీ వోల్టు కొలవండి. 21 దగ్గర చూపిస్తే లోపల వరసగా 5 సెల్సే ఉన్నట్టు, ఒక్కోటి 4.2. పైన ఏం రాసినా అది 18 వోల్టుల రకమే. కొమ్మ బిగుతైనప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, నాసిరకం సెల్స్ వోల్టు ఒక్కసారి కూలిపోతుంది, లోపలి రక్షణ బోర్డు కట్ చేస్తుంది, వదిలితే కోలుకుంటుంది. పదునుగా ఉంచండి, నొక్కకండి, మణికట్టు లావు దాటిన కొమ్మకి చేతిరంపమే మేలు.

ప్రశ్న: కరెంటు చైన్ సా, 2000 వాట్స్. ఇంటి దగ్గర బాగా కోస్తుంది, తోటలోకి 50 మీటర్ల వైరు లాగితే పస ఉండట్లేదు.

జవాబు: వైరు ఒక ఎంఎందే అయ్యుంటుంది. 230 మీద 2000 వాట్స్ అంటే దాదాపు 9 ఆంప్స్, పోనూ రానూ 100 మీటర్ల రాగి తీగ, 15 వోల్టులు దారిలోనే పోతాయి. మీ ఊళ్ళో వచ్చేదే 190 అయితే ఇక మిగిలేదేముంది. 2.5 ఎంఎం వైరు వెయ్యండి, 6 వోల్టులే పోతుంది. మిగిలిన వైరుని చుట్టగా వదిలెయ్యకండి, వేడెక్కి తొడుగు కరుగుతుంది, మొత్తం విప్పి పరిచాకే స్విచ్ వెయ్యండి.