ఆరుగురు స్నేహితులు, ఒక వాలై చేపల ట్రిప్: డబ్బు లెక్క ఎలా వేసుకోవాలి?

ప్రశ్న: మేం ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటాం. ఇంజినీరింగ్‌లో కలిసి చదువుకున్న ఆరుగురం ఈ ఏడాది పోర్ట్ క్లింటన్ వెళ్లి ఎరీ సరస్సులో వాలై చేపలు పట్టాలనుకుంటున్నాం. ఇద్దరు మిషిగన్ నుంచి వస్తారు. చార్టర్ పడవని (కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చే పడవ) జూన్‌కి ఇప్పుడే క్రెడిట్ కార్డు మీద బుక్ చేద్దామని ఒకడు, తలా మూడు వేల డాలర్లు వేసుకుని పాత పడవే కొనేద్దామని ఇంకొకడు అంటున్నారు. మాలో ఒకడికి నెల క్రితం ఉద్యోగం పోయింది, హెచ్1బీ మీద ఉన్నాడు. వాడిని వదిలి వెళ్లాలని లేదు. తక్కువ ఖర్చులో ఎలా?

జవాబు: ముందు పడవ సంగతి తేల్చేద్దాం. కొనొద్దు. తలా మూడు వేలంటే 18 వేలు, అది కొన్న రోజు ధర మాత్రమే. దాన్ని లాగడానికి ట్రక్కో పెద్ద ఎస్‌యూవీనో కావాలి, ఇన్సూరెన్స్, పడవకీ ట్రైలర్‌కీ రిజిస్ట్రేషన్, చలికాలం రాగానే ఇంజిన్‌లో నీళ్లు గడ్డకట్టకుండా వింటరైజ్ చేయించడం, మళ్లీ ఏప్రిల్ దాకా ఎక్కడో అద్దె కట్టి ఉంచడం, ఇవన్నీ మీరు నీళ్లలోకి దిగకపోయినా ఆగని ఖర్చులు. పైగా ఒహాయోలో 1982 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవాళ్లు పది హార్స్‌పవర్ దాటిన పడవ నడపాలంటే బోటింగ్ కోర్సు పాసవ్వాలి. ఇంతకన్నా నాకు భయం వేసేది ఇంకొకటుంది. రేపు మీలో ఒకరికి డాలస్‌లో ఉద్యోగం వస్తే అతని వాటా ఎవరు కొంటారు, ఎంతకి? స్నేహితులు ఇలాంటివి కాగితం మీద రాసుకోరు, తరువాత మాటలు ఆగిపోతాయి.

ఇక చార్టర్. ఇక్కడి చార్టర్ పడవలు చాలావరకు ఆరుగురినే ఎక్కించుకుంటాయి, ఆ రకం పడవలకి కోస్ట్‌గార్డ్ పెట్టిన పరిమితి అది. అద్దె పడవ మొత్తానికి, మనిషి లెక్కన కాదు. ఒకరోజుకి 800 డాలర్లు అనుకుందాం, సిబ్బందికి 20 శాతం టిప్ కలిపితే 960, తలా 160. మోటెల్‌లో రెండు గదులు తీసుకుంటే తలా 47 దాకా, పెట్రోలుకి 15, చేపలు పట్టడానికి ఒకరోజు లైసెన్స్ దాదాపు 14 (కొనేముందు రాష్ట్ర వైల్డ్‌లైఫ్ విభాగం సైట్లో చూసుకోండి), తిండికీ చేపలు కోయించడానికీ కలిపి 30. మొత్తం 270 లోపు. గేలాలు, ఎరలు, లైఫ్‌జాకెట్లు సాధారణంగా పడవవాళ్లే ఇస్తారు, అదొకసారి అడిగి ఖాయం చేసుకోండి. దుకాణంలో మెరిసిపోతున్న 150 డాలర్ల రాడ్ జోలికి మాత్రం వెళ్లకండి.

మీ స్నేహితుడి విషయం ఇక్కడే కలుస్తుంది. పడవ అద్దె తలల్ని బట్టి మారదు కాబట్టి అతను రాకపోతే మీకు మిగిలేదేమీ లేదు, ఆ సీటు ఖాళీగా పోతుంది. అదే 960ని అయిదుగురు పంచుకుంటే మీ ఒక్కొక్కరికి అదనంగా పడేది 32 డాలర్లు. గది కూడా అంతే. అతని చేతి నుంచి అయ్యేది లైసెన్సూ తిండీ మాత్రమే. దాన్ని సాయంలా కాకుండా ఉన్నదున్నట్టు చెప్పండి: సీటు ఎలాగూ ఉంది, నువ్వు రా. ముప్పై డాలర్లు చూసుకుని ఇన్నేళ్ల స్నేహితుణ్ణి ఇంట్లో వదిలేసి వెళ్తే, మీకు ఆ రోజు ఎన్ని చేపలు పడినా సరదా ఉండదు.

అయితే అసలు చిక్కు డబ్బు కాదు, తేదీ. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే ఉండే గడువు 60 రోజుల దాకానే, అందులో సగం అయిపోయింది. జూన్ నాటికి అతను ఎక్కడ ఉంటాడో అతనికే తెలియదు. అలాంటి టెన్షన్‌లో ఉన్న మనిషిని డిపాజిట్ కట్టిన తేదీకి కట్టేయడం న్యాయం కాదు. అందుకే నేనైతే ఈసారి సరస్సు కన్నా మామీ నదికి వెళ్లమంటాను.

మార్చి, ఏప్రిల్ నెలల్లో వాలై చేపలు గుడ్లు పెట్టడానికి ఎరీ సరస్సు నుంచి మామీ నదిలోకి ఎదురీదుతూ వస్తాయి. పెరిస్‌బర్గ్, మామీ ఊళ్ల దగ్గర జనం నడుంలోతు నీళ్లలో వరసగా నిలబడి పడతారు. పడవ అక్కర్లేదు. మీకు కావలసింది వేడర్లు, అంటే నీళ్లలో నిలబడటానికి వేసుకునే తడవని ప్యాంటు-బూట్లు (అరువు దొరికితే మరీ మంచిది, లేదంటే అయిదారు పదుల డాలర్లకి మామూలువి వస్తాయి), ఉన్న గేలం, కొన్ని జిగ్‌లు (ముల్లుకి బరువు తగిలించిన ఎరలు), లైఫ్‌జాకెట్. నీళ్లు మంచులా ఉంటాయి, ప్రవాహం బలంగా ఉంటుంది, కాబట్టి లైఫ్‌జాకెట్ దగ్గర పిసినారితనం వద్దు. ఉదయం బయల్దేరి రాత్రికి ఇంటికి రావచ్చు, మోటెల్ ఖర్చు పోయింది. వేడర్లు అరువు దొరికితే తలా 60 డాలర్లు దాటదు. మిషిగన్ నుంచి వచ్చేవాళ్లు మాత్రం ఒక విషయం చూసుకోవాలి: బయటి రాష్ట్రంవాళ్లకి జనవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా ఎరీ సరస్సు పర్మిట్ అని ఇంకొకటి ఉంటుంది, నదిలో మీరు నిలబడే చోటికి అది కావాలో లేదో లైసెన్స్ కొనేటప్పుడే అడగండి.

అన్నిటికన్నా మంచి సంగతి, దీనికి ముందస్తు డబ్బు లేదు. నది ఒడ్డున వాటర్‌విల్ దగ్గర యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల గేజ్ ఉంది, నది మట్టం ఎంతుందో ఆన్‌లైన్‌లో కనపడుతుంది. గట్టి వాన పడి నది పొంగి బురదగా ఉంటే శుక్రవారం రాత్రే రద్దు చేసుకుని వచ్చే వారానికి జరపొచ్చు, పైసా నష్టం లేదు. చార్టర్‌లో ఈ వెసులుబాటు ఉండదు. ఎరీ సరస్సు పడమటి భాగం సగటున 24 అడుగుల లోతే, గాలి లేస్తే అలలు ఇట్టే లేస్తాయి, కెప్టెన్ వద్దంటే వద్దే. అతను డిపాజిట్ తిరిగి ఇచ్చినా మోటెల్‌వాళ్లు ఇవ్వకపోవచ్చు.

నదిలో నిబంధనలు గట్టివి. మార్చి, ఏప్రిల్ నెలల్లో సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే పట్టాలి, ఒకే ముల్లున్న గేలం వాడాలి, నోటి లోపల కాకుండా ఒంటికి గుచ్చుకున్న చేపని వదిలేయాలి. రోజుకి మనిషికి ఆరు, ఒక్కోటి 15 అంగుళాలకు తక్కువ కాకూడదు. జరిమానా పడితే మీ బడ్జెట్ మొత్తం అక్కడే పోతుంది.

అతనికి ఉద్యోగం వచ్చాక జూన్‌లో చార్టర్ పెట్టుకోండి. శనివారాలు ముందే నిండుతాయి గానీ మంగళ, బుధవారాలు దొరికే అవకాశం ఎక్కువ. అప్పటిదాకా ఎవరి సేవింగ్స్‌లో వాళ్లు నెలకి 60 డాలర్లు పక్కన పెట్టుకుంటే కార్డు మాటే రాదు. 20 శాతం దాటిన వడ్డీకి చేపలు పట్టాల్సిన అవసరం మీకెవరికీ లేదు.

వాట్సాప్ గ్రూపులో లెక్కలు పెట్టేముందు ఆ స్నేహితుడికి మీరు ఒక్కరే ఫోన్ చేయండి. ట్రిప్ గురించి అడిగేముందు ఇంటర్వ్యూలు ఎలా సాగుతున్నాయో, ఇంటి అద్దెకి ఇబ్బంది ఉందేమో అడగండి. ఇబ్బంది ఉందంటే, ఈ ట్రిప్ కోసం పక్కన పెట్టిన డబ్బులో మొదటి వాడకం అదే.