టెక్ సందేహాలు: డ్రిల్లు సంగతి సరే, బ్యాటరీ ఎక్కడ పెట్టారు?

*మిద్దె మీది రేకుల గదిలో కార్డ్‌లెస్ డ్రిల్లు పెట్టి సంక్రాంతి తర్వాత మళ్లీ ముట్టుకోలేదు. ఇప్పుడు బ్యాటరీని చార్జర్‌లో పెడితే ఎర్ర లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. ఇంకో మంచి బ్యాటరీ నుంచి రెండు వైర్లతో కాసేపు కరెంటు ఎక్కిస్తే లేస్తుందని యూట్యూబ్‌లో చూశాను. చెయ్యొచ్చా? – ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి*

చెయ్యొద్దు. ఎండలు ముదిరాక ఈ ప్రశ్న ప్రతి ఏడూ వస్తుంది. ఊరి పేరు మారుతుందంతే, రేకుల గది మాత్రం మారదు.

ఎర్ర లైటు కొట్టుకున్నంత మాత్రాన బ్యాటరీ పోయినట్టు కాదు. ముందు వేడి సంగతి చూడండి. రేకుల కింద నుంచి తెచ్చిన బ్యాటరీని వెంటనే చార్జర్‌కి తగిలిస్తే అది ఒప్పుకోదు. లోపలి ఉష్ణోగ్రత 40, 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ ఆపేసేలా మంచి చార్జర్లను తయారుచేస్తారు. గంటసేపు కింది గదిలో నేల మీద ఉంచండి. బ్యాటరీ గాడిలో ఉండే ఇత్తడి పట్టీల మీద సిమెంటు దుమ్ము పేరుకుని ఉంటుంది, పొడిబట్టతో తుడవండి. చార్జర్ ప్లగ్గు తీసేసి దాని పట్టీలు కూడా తుడవండి. మళ్లీ పెట్టి అరగంట వదిలేయండి. బాగా దిగిపోయిన సెల్లుల్లోకి ముందు కొంచెం కొంచెంగా కరెంటు పంపి, అవి తేరుకున్నాక మామూలు వేగం అందుకునే చార్జర్లు ఉన్నాయి.

అప్పటికీ కాకపోతే మల్టీమీటర్ తీయండి. 18 వోల్టుల బ్యాటరీ అంటే లోపల 3.6 వోల్టుల సెల్లులు ఐదు వరసగా ఉంటాయి. ప్లస్, మైనస్ పట్టీల మధ్య 12.5 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే సగటున ఒక్కో సెల్లు 2.5 కిందికి జారినట్టు. 10 కన్నా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ మీద ఆశ వదిలేసుకోండి. కొన్ని బ్యాటరీల్లో రక్షణ సర్క్యూట్ బయటి పట్టీలకు కరెంటు ఆపేస్తుంది, మీటర్ సున్నా చూపిస్తుంది. అలాంటప్పుడు చార్జర్ తీర్పే ఖాయం.

వీడియోలు చూపించే వైర్ల పద్ధతి ఎందుకు కూడదో కొంచెం వివరంగా చెప్పాలి. నిండు బ్యాటరీలో 20 వోల్టులు, దిగిపోయినదాంట్లో 8 ఉన్నాయనుకోండి. రెంటినీ నేరుగా కలిపితే మధ్యలో కరెంటును అదుపు చేసేదేమీ లేదు. పదుల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి. సన్నటి వైరు తొడుగు కరిగి వేళ్లు కాలతాయి. అది కంటికి కనిపించే ప్రమాదం. కనిపించనిది ఇంకోటుంది. లిథియం సెల్లు నెలల తరబడి 2 వోల్టుల కింద పడి ఉంటే లోపలి రాగి రేకు కరిగి ఎలక్ట్రొలైట్ అనే లోపలి ద్రవంలో కలుస్తుంది. మీరు బలవంతంగా చార్జ్ ఎక్కించినప్పుడు ఆ రాగి మళ్లీ గడ్డకట్టి, ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య ఉండే పల్చటి పొరను పొడుచుకుపోవచ్చు. ఆ షార్టు వీడియో తీసిన రోజే బయటపడాలని లేదు. నాలుగు చార్జింగుల తర్వాత, అందరూ నిద్రపోయిన వేళ బయటపడొచ్చు. వీడియో చేసినాయన 'చూశారా, లేచింది' అని ముగించేస్తాడు. ఆ బ్యాటరీ తర్వాత ఏమైందో ఏ వీడియోలోనూ ఉండదు. ఇలాంటివాటికి లక్షల్లో వ్యూస్ వస్తుంటే కడుపు మండుతుంది.

పోయిన బ్యాటరీ పట్టీల మీద ఇన్సులేషన్ టేపు అంటించి, అమ్మిన షాపుకో సర్వీస్ సెంటర్‌కో ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది, మామూలు చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాల్సిన బాధ్యత మనది. చెత్తబండిలో వేస్తే నొక్కుడుకి సెల్లు నలిగి బండే అంటుకోవచ్చు.

కొత్త బ్యాటరీ కొన్నాక దాన్ని మిద్దె ఎక్కించకండి. అటక కూడా వద్దు. పై అంతస్తు ఇళ్లలో స్లాబు కింది సజ్జ పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. డ్రిల్లు ఇనుమూ ప్లాస్టిక్కే కాబట్టి దాన్ని అక్కడ పెట్టుకోండి, ఏమీ కాదు. బ్యాటరీ మాత్రం మనుషులు పడుకునేంత చల్లగా ఉన్న చోట, నడుము ఎత్తులో ఉండాలి. నెలకు మించి వాడరనుకుంటే నాలుగు గీతల్లో రెండు వెలిగేంత చార్జ్ ఉంచి, డ్రిల్లు నుంచీ చార్జర్ నుంచీ విడదీసి పెట్టండి. నిండుగా ఉంచి వేడిలో వదిలేస్తే కెపాసిటీ త్వరగా చస్తుంది, ఖాళీగా వదిలేస్తే మీకు జరిగిందే జరుగుతుంది. మూడు నెలలకోసారి బటన్ నొక్కి చూడండి, ఒక్క గీతకు దిగితే పావుగంట చార్జ్ పెట్టండి.

మన ఇళ్లలో కడప బండ అలమరాలు ఉంటాయి కదా, చార్జింగ్‌కి వాటిని మించిన చోటు లేదు. రాయి అంటుకోదు. పక్కన కర్టెన్లు, పేపర్లు, టిన్నర్ డబ్బా లేకుండా చూసుకుని, మెలకువగా ఉన్నప్పుడే చార్జ్ పెట్టండి. ఒకవేళ బ్యాటరీ ఉబ్బినా, తియ్యటి ద్రావకం వాసన వచ్చినా మెయిన్ ఆపి, ఇంకా పొగ రాకపోతేనే బయట నేల మీద పెట్టండి. పొగ మొదలైతే దగ్గరికి పోకండి, ఆ పొగ విషం. అందర్నీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి. మెయిన్ ఆపేసి ఉండి, దూరం నుంచి పోసే వీలుంటే నీళ్లు బిందెలకొద్దీ పోయాలి. సెల్లుల వేడి దిగితేనే మంట ఆగుతుంది, చెంబెడు చాలదు.

*ఆన్‌లైన్‌లో 88వీఎఫ్ అని రాసిన డ్రిల్లు సెట్టు రెండు బ్యాటరీలతో కొన్నాను. మా తమ్ముడి 18 వోల్టుల డ్రిల్లు దీనికన్నా బలంగా ఉంది. నాది పాడైందా? చార్జర్ పోయింది, ఇంట్లో ఉన్న వేరే అడాప్టర్ వాడొచ్చా? – ఒక పాఠకురాలు, పుత్తూరు*

మీది పాడవలేదమ్మా, పెట్టె మీద రాతే అబద్ధం. 48వీఎఫ్, 88వీఎఫ్, 128వీఎఫ్ అనే కొలతలు విద్యుత్ శాస్త్రంలో లేవు. విప్పి చూస్తే అందులోనూ చాలావరకు అవే ఐదు సెల్లులు. మామూలుగా 18 వోల్టులు, పూర్తిగా నిండినప్పుడు 21. మీ తమ్ముడిదీ అంతే. ఒకే బ్యాటరీని ఒకరు 18 అంటారు, ఇంకొకరు 20 అంటారు, మరొకరు 21 అంటారు.

తేడా ఎక్కడుందో వంటింటి కాటా చెబుతుంది. ఈ బ్యాటరీల్లో వాడే 18650 సైజు (18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు) సెల్లు ఒక్కోటి 45 నుంచి 48 గ్రాములు ఉంటుంది. ఐదు సెల్లులంటే పావు కిలోకి కొంచెం తక్కువ, పది సెల్లులంటే అర కిలోకి దగ్గర. ప్లాస్టిక్ డబ్బా బరువు దీనికి అదనం. డబ్బాతో కలిపి 400 గ్రాములు కూడా తూగని బ్యాటరీ మీద 6 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ కెపాసిటీ) అని రాసి ఉంటే నమ్మకండి. అంత తక్కువ బరువంటే లోపల ఐదు సెల్లులే, వాటిని వరసగా కలిపితే వోల్టులు పెరుగుతాయి గానీ ఏహెచ్ పెరగదు; ఆ సైజు సెల్లు ఎంత మంచిదైనా మూడున్నర ఏహెచ్‌కి అటూ ఇటూనే. అమ్మే వెబ్‌సైట్లు ఈ అంకెలను చూసీ చూడనట్టు వదిలేయడం కొనేవాళ్లను మోసం చేయడమే.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది రెండో ప్రశ్న. ఈ రకం బ్యాటరీలు చాలావాటికి చార్జింగ్ గుండ్రటి పిన్నుతో, రెండే వైర్లతో జరుగుతుంది. బ్యాటరీ ఎంత వేడెక్కిందో చార్జర్‌కి చెప్పే మూడో వైరు ఉండదు. సెల్లులన్నీ సమానంగా నిండేలా చూసే సర్క్యూట్ కూడా చాలావాటిల్లో ఉండదు. పిన్ను సరిపోయిందని వాటర్ ప్యూరిఫయర్ అడాప్టర్ పెట్టేవాళ్లున్నారు. ఆర్‌ఓ అడాప్టర్లు ఎక్కువగా 24 వోల్టులవి. ఐదు సెల్లులకు పంచితే ఒక్కోదానికి 4.8 వోల్టులు. లిథియం సెల్లు హద్దు 4.2. దాటితే అది చార్జింగ్ కాదు, నిప్పు రాజేయడం. అడాప్టర్ వీపు మీద 'అవుట్‌పుట్' అన్న చోట 21 వోల్టులు అని ఉండాలి, లిథియం బ్యాటరీ చార్జర్ అని కూడా ఉండాలి. అలాంటిది దొరికేదాకా బ్యాటరీని పక్కన పెట్టండి. ఒక కంపెనీ బ్యాటరీని ఇంకో కంపెనీ డ్రిల్లుకి తగిలించే అడాప్టర్ల గురించీ ఇదే మాట. కొన్ని కంపెనీలు 'ఇక చాలు, దిగిపోయింది' అని ఆపే సర్క్యూట్‌ను బ్యాటరీలో కాక డ్రిల్లులో పెడతాయి. మధ్యలో అడాప్టర్ వస్తే ఆ ఆపేవాడే ఉండడు, సెల్లులు అడుగంటిపోతాయి.

అసలు ఒకే ఐదు సెల్లుల మూటకు కంపెనీకో గాడి ఎందుకు? ఫోన్ చార్జర్లకు ఒకే పోర్టు ఉండాలని ప్రభుత్వాలు పట్టుబట్టాయి, కంపెనీలు దారికొచ్చాయి. పనిముట్ల దగ్గర ఆ పట్టు కనపడదు. డ్రిల్లుకొకటి, కోత మిషన్‌కొకటి, బ్లోయర్‌కొకటి చొప్పున ఇల్లంతా చార్జర్లే. ఇకమీదట కొనేవాళ్లు ముందు బ్యాటరీ ఏ గాడిదో చూసి, ఇంటికి ఒకే గాడి అని నియమం పెట్టుకోండి. పనిముట్లు చాలావరకు బ్యాటరీ లేకుండా విడిగా కూడా దొరుకుతాయి.

*డ్రిల్లుతో వచ్చిన ప్లాస్టిక్ పెట్టె కొక్కెం విరిగింది. డ్రిల్లు, గ్రైండరు, స్క్రూడ్రైవరు అన్నీ ఒక గోనెసంచిలో పడేశాం. చిన్న ఇంట్లో సర్దుకోవడం ఎలా? – ఒక పాఠకుడు, గిరింపేట, చిత్తూరు*

ఆ పెట్టెలు విరగక ఏం చేస్తాయి! బిట్టు తీసేసిన డ్రిల్లు, చిన్న బ్యాటరీ పెడితేనే మూతపడేలా అచ్చు పోస్తారు. 4 ఏహెచ్ బ్యాటరీ కొంటే మూత పైకి లేస్తుంది, బలంగా నొక్కితే కొక్కెం పోతుంది.

గోనెసంచి మాత్రం ఇవాళే ఖాళీ చేయండి. స్క్రూలు, వాషర్లు, తెగిన వైరు ముక్కలు బ్యాటరీ గాడిలోకి దూరి రెండు పట్టీలనూ కలిపితే సంచిలోనే షార్టు. దానికితోడు గోనె ఇట్టే అంటుకుంటుంది.

ప్లంబర్ దగ్గర మిగిలిన 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క అడగండి. ఒక జానెడు, అంటే 20 సెంటీమీటర్లకు కోసి, ఒక పక్క నిలువునా గాడి తీయండి. గాడి వెడల్పు మీ డ్రిల్లు పిడి మందం కన్నా 8, 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. గాడికి ఎదురుగా ఉన్న వీపును 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకకు రెండు స్క్రూలతో బిగించండి, తలలు లోపలికి పొడుచుకు రాకూడదు. డ్రిల్లు ముక్కు కిందికి చూస్తూ పైపులో కూర్చుంటుంది, పిడి గాడిలోంచి ముందుకు వస్తుంది. పైపుకీ పైపుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టేంత జాగా వదలకపోతే తీసేటప్పుడు పక్కదానికి తగులుతుంది. గ్రైండరు దీంట్లో పట్టదు, దాన్ని డిస్కు తీసేసి అరలో పడుకోబెట్టండి. డిస్కులను బల్లపరుపుగా పెట్టాలి. మేకుకు వేలాడదీసినా, తేమలో పెట్టినా పగుళ్లిచ్చిన డిస్కు తిరిగేటప్పుడు ముక్కలై ఎగురుతుంది.

పలకను వంటింటి గోడకో, లోపలి గోడకో బిగించండి. సిమెంటు కాలమ్‌లోకి చిన్న 12 వోల్టుల డ్రిల్లు దిగదు. ఇటుక గోడ చూసుకుని 8 మిల్లీమీటర్ల రంధ్రం, ఫిషర్ ప్లగ్గు, 50 మిల్లీమీటర్ల స్క్రూ వేస్తే నాలుగు చోట్ల బిగించిన పలక కదలదు. మన తిరుపతి, చిత్తూరు వైపు అసలు వాన నవంబరులో కదా, అప్పుడు బిట్లు తుప్పు పడతాయి. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో వేసి ఉంచండి. 2021 నవంబరులో తిరుపతిలో లోతట్టు ప్రాంతాలు మునిగాయి. సెల్లార్లో, నేల మీద బ్యాటరీలు పెట్టేవాళ్లు అది గుర్తుంచుకోవాలి. వరద నీళ్లలో నానిన బ్యాటరీని ఎండబెట్టి చార్జ్ పెట్టడం మహా ప్రమాదం.

*రేణిగుంట నుంచి హైదరాబాద్‌కి విమానంలో వెళ్తున్నాం. కూతురి ఫ్లాట్‌లో కర్టెన్ రాడ్లు బిగించాలి. డ్రిల్లు తీసుకెళ్లొచ్చా? – ఒక పాఠకుడు, తిరుచానూరు*

వెళ్లొచ్చు, అయితే విడదీసి. డ్రిల్లు, బిట్లు చెక్-ఇన్ సామానులో; విడి బ్యాటరీలు తప్పకుండా మీ చేతి బ్యాగులో. చాలామంది దీన్ని తలకిందులు చేసి సెక్యూరిటీ దగ్గర గొడవపడతారు. నియమం వెనుక కారణం ఉంది. మనుషుల మధ్య పొగ వస్తే సిబ్బంది చూసి ఆర్పుతారు, సామాను అరలో వస్తే చేయి అందదు.

బ్యాటరీ మీద వాట్ అవర్ (అందులో పట్టే మొత్తం శక్తి) అంకె వెతకండి. లేకపోతే వోల్టులను ఏహెచ్‌తో హెచ్చించండి. 18 వోల్టులు, 4 ఏహెచ్ అయితే 72. 5 ఏహెచ్ అయితే 90. వంద వరకు సాధారణంగా పర్వాలేదు. 6 ఏహెచ్ అయితే 108 అవుతుంది, 100 దాటి 160 వరకు ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతి కావాలి, అవీ రెండుకు మించి కుదరదు. 160 దాటితే ఇంట్లోనే వదిలేయండి. వీఎఫ్ రాసిన బ్యాటరీ మీద సరైన అంకె ఉండదు కాబట్టి ఆపితే మీ దగ్గర జవాబుండదు. టికెట్ తీసుకున్న ఎయిర్‌లైన్ పేజీలో పరిమితులు ఒకసారి చూసుకోండి.

ఒక్కో బ్యాటరీ పట్టీల మీద టేపు వేసి, ఒక్కోదాన్ని విడి కవర్లో పెట్టండి. బ్యాటరీ ఊడని బుల్లి స్క్రూడ్రైవర్ పనిముట్ల లెక్కలోకే వస్తుంది కాబట్టి చేతి బ్యాగులోకి రానివ్వరు. పూర్తిగా ఆపి, తిరిగే దిక్కు మార్చే మీటను మధ్యలో నిలిపి చెక్-ఇన్‌లో పెట్టండి. మీట మధ్యలో ఉంటే ట్రిగ్గర్ నొక్కుకోదు.

రాడ్ల పనికి మొత్తం వర్క్‌షాపు మోయక్కర్లేదు. డ్రిల్లు, ఒక్క 2 ఏహెచ్ బ్యాటరీ, చార్జర్, 6, 8 మిల్లీమీటర్ల గోడ బిట్లు, స్టార్ స్క్రూలకు పీహెచ్2 బిట్టు రెండు, 3 మీటర్ల కొలత టేపు చాలు. ప్లగ్గులు, స్క్రూలు హైదరాబాద్‌లో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి. కిటికీ పైన ఇటుక కాకుండా లింటెల్ కాంక్రీటు ఉంటుందని మాత్రం ముందే అనుకోండి. సుత్తి దెబ్బ లేని డ్రిల్లయితే అక్కడ బిట్టు కాలిపోతుంది గానీ రంధ్రం పడదు. అలాంటప్పుడు ఆ ఒక్క పనికి హ్యామర్ డ్రిల్లు అద్దెకు తెచ్చుకోండి.