థెరపీ ఓడిపోయిన సీరియల్ చూసి, అదే చదువుతానంటోంది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాను. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. ఫోన్‌లో 'ద సొప్రానోస్' అనే అమెరికన్ సీరియల్ అంతా చూసి సైకోథెరపిస్ట్ అవుతానంటోంది. ఏముందా అని నేనూ పక్కన కూర్చుని కొంత చూశాను. డాక్టరమ్మ ఏళ్ల తరబడి ఒక మాఫియావాడితో మాట్లాడింది. వాడు మారలేదు. చివరికి ఆవిడే ఇక రావద్దని పంపేసింది. ఇంత చదివి చేసేది ఇదా? మన వైపు ఈ చదువుతో బతకగలదా?

జవాబు: అమ్మాయి కల విని కోప్పడకుండా, పక్కన కూర్చుని మీరూ చూశారు. అందుకు ముందు నా నమస్కారం.

చాలా సినిమాల్లో హీరో ఒకసారి ఏడవగానే రోగం పోతుంది. అది చూసి ఈ చదువు కోరుకున్న పిల్లలు మొదటి ఏడాదే డీలా పడిపోతారు. మీ అమ్మాయి చూసింది అలాంటిది కాదు. 1999 నుంచి 2007 దాకా 86 ఎపిసోడ్లు నడిచిన ఆ కథలో టోనీ సొప్రానో ఉన్నట్టుండి కుప్పకూలతాడు. గుండె జబ్బు కాదు, పానిక్ ఎటాక్, అంటే ఉన్నట్టుండి గుండె దడతో ముంచుకొచ్చే భయం. ఇంటి ఈతకొలనులో చేరిన బాతులు ఎగిరిపోయాయని అంత మనిషీ కుంగిపోతాడు. కుటుంబం చేజారిపోతుందన్న భయం దాని వెనక ఉందని డాక్టర్ మెల్ఫీ బయటికి తెస్తుంది. మాంసం చూస్తే ఎటాక్ ఎందుకొస్తుందో కూడా తర్వాత తేలుతుంది. చిన్నప్పుడు తండ్రి ఒక మాంసం కొట్టాయన వేలు నరకడం అతను కళ్లారా చూశాడు. ఇదంతా మంచి వైద్యమే.

కానీ అతను వచ్చింది ఎటాక్‌లు తగ్గించుకోవడానికి. హత్యలు మానుకోవాలని రాలేదు. పెద్దవాళ్లకు పెత్తనం తమ చేతిలోనే ఉందన్న భ్రమ కలిగించాలని ఆవిడ చెప్పిన మాటను తీసుకెళ్లి, బాబాయి జూనియర్‌ని పేరుకు ముఠా నాయకుణ్ని చేసి, వెనక నుంచి తనే నడుపుతాడు. మనిషి తనలో దేన్ని మార్చుకోదలిచాడో దాని మీదే థెరపీ పనిచేస్తుంది. ఈ హద్దును ఇంత సూటిగా చూపించిన కథ నాకు మరొకటి తెలియదు.

చివర్లో మెల్ఫీ ఒక అధ్యయనం చదువుతుంది. నేరస్వభావం ఉన్నవాళ్లకు మాటల వైద్యం చేస్తే మరింత తెలివైన నేరస్తులవుతారన్నది దాని సారం. అది నిజంగా ఉన్న పరిశోధనే. యోకెల్సన్, సేమ్‌నో అనే ఇద్దరు వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో నేరస్తుల మీద చేశారు. దాంతో థెరపీ మొత్తం దండగ అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. రాజోలులో గుండె దడతో ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజు ఎక్కించుకుని వచ్చే ఇల్లాలి గురించి ఆ పరిశోధన ఏమీ చెప్పదు. ఆవిడకు ఉన్నది నిజంగా పానిక్ సమస్యే అయితే బాగయ్యే అవకాశాలు చాలా ఎక్కువ. ఈ రోజుల్లో కలల గురించి ఏళ్ల తరబడి మాట్లాడరు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో, ఎదురుగా కూర్చోబెట్టి కావాలనే గబగబా ఊపిరి తీయిస్తారు. దడ వస్తుంది, దానంతటదే తగ్గుతుంది, ప్రాణం పోదు. అది ఒంటికే తెలిసేదాకా చేయిస్తారు. కొన్ని నెలల పని. సీరియల్‌కి ఇది పనికిరాదు, కథ త్వరగా అయిపోతుంది!

ఇక మారాలని లేనివాడి సంగతి. మన జిల్లాల్లో తాగుడు మాన్పించమని భార్య బలవంతాన తీసుకొచ్చిన భర్తలు అలాగే కూర్చుంటారు. అలాంటివాళ్ల కోసమే విలియం మిల్లర్ అనే సైకాలజిస్ట్ 1983లో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతిని ముందుకు తెచ్చాడు. నీతులు చెప్పకుండా, ఆ మనిషి నోటితోనే మానాలన్న మాట రాబట్టడం అందులో పని. కొందరు మానతారు, కొందరు మానరు. రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు వచ్చి చెరువు పోయినవాడి అప్పు ఏ థెరపీతోనూ తీరదు. ఆ రాత్రి అతను పురుగుమందు డబ్బా దగ్గరికి వెళ్లకుండా ఆపగలగడం కూడా ఈ పనిలోదే. అమ్మ కువైట్‌లో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు మన లంకల్లో ఎంతమందో మీకు తెలుసు. వాళ్లు మనసు విప్పి మాట్లాడటానికి ఒక మనిషి కావాలి.

అమ్మాయిని ఒకటి అడగండి. నువ్వు మూడేళ్లు కష్టపడ్డాక ఆ మనిషి మళ్లీ తాగితే, మర్నాడు ఇంకో మనిషి ముందు ప్రశాంతంగా కూర్చోగలవా? మెల్ఫీ కూడా తన బాధ చెప్పుకోవడానికి ఇంకో థెరపిస్ట్ దగ్గరికి వెళ్తుంది. అది బలహీనత కాదు, ఈ వృత్తిలో అవసరం. ఆ థెరపిస్టే ఒక విందులో ఆవిడ పేషెంటు ఎవరో నలుగురి ముందు బయటపెట్టేస్తాడు. అది మాత్రం ఘోరమైన తప్పు. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచమంటుంది. ఇంకొకరికి హాని జరగకుండా ఆపాల్సి వచ్చినప్పుడు మినహాయింపు ఉంది. మొదటి ఎపిసోడ్‌లో మెల్ఫీ టోనీకి ముందే చెప్పే షరతు అదే. ఊళ్లో అందరూ అందరికీ తెలిసే మన దగ్గర నోరు కట్టుకోవడం ఇంకా కష్టం. అమ్మాయికి ఆ నిగ్రహం ఉందో లేదో మీకే బాగా తెలుస్తుంది.

చదువు విషయంలో ఒక చిక్కుంది. మెల్ఫీ సైకియాట్రిస్ట్. ప్రొజాక్ లాంటి మందులు రాస్తుంది, మాట్లాడుతుంది కూడా. మన దగ్గర ఈ రెండు దారులూ చాలావరకు వేరు. మందులు రాయాలంటే నీట్, ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, తర్వాత సైకియాట్రీలో ఎండీ మూడేళ్లు. మన ఆసుపత్రుల ఓపీ రద్దీలో ఒక్కో రోగితో గంటసేపు మాట్లాడే వీలు సైకియాట్రిస్టులకు అరుదు. రొయ్య పైకి తేలితే మీరు ముందు ఏరియేటర్ వేసి గాలి అందించి, తర్వాత చెరువు అడుగు సంగతి చూస్తారు కదా, మందూ మాటా కూడా అంతే. మాటలతో చేసే వైద్యమే కావాలంటే సైకాలజీలో డిగ్రీ, పీజీ, ఆపైన క్లినికల్ శిక్షణ. దీనికి నీట్ అక్కర్లేదు. అయితే క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టాలంటే ఆర్‌సీఐలో, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు తప్పనిసరి. ఇన్నాళ్లూ అది రెండేళ్ల ఎంఫిల్‌తో వచ్చేది. యూజీసీ 2022 నిబంధనలు ఎంఫిల్‌కి స్వస్తి చెప్పాయి కాబట్టి కోర్సులు మారుతున్నాయి. ఏ కాలేజీకైనా ఫీజు కట్టేముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ ఏడాది గుర్తింపు జాబితా చూసుకోండి. ఆన్‌లైన్‌లో మూడు నెలల సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల జోలికి వెళ్లొద్దు.

బతుకుదెరువంటారా, మొదటి ఏళ్లలో డబ్బు తక్కువే, దాచను. కానీ దారులు పెరుగుతున్నాయి. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో, వంద మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలి. డీఅడిక్షన్ కేంద్రాలూ, ఆసుపత్రులూ ఉన్నాయి.

అమ్మాయి ఈ ఏడాది నీట్ రాయనివ్వండి. ర్యాంకు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి పంపకండి, బీఏ గానీ బీఎస్సీ గానీ సైకాలజీలో చేర్చండి. ఈ వేసవిలో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) సైకియాట్రీ విభాగంలో ఎవరైనా డాక్టరుగారిని అపాయింట్‌మెంట్ అడిగి, అరగంట మాట్లాడించి తీసుకురండి. ప్రశ్నలు అమ్మాయినే రాసుకు వెళ్లమనండి.