ఊగే ప్రతి గ్రాఫూ ఆవర్తనమేనా?

ప్రశ్న: సైన్ ఎక్స్ ఆవర్తన ప్రమేయమనీ, దాన్ని ఎక్స్‌తో గుణిస్తే కాదనీ మా లెక్చరర్ గారు చెప్పారు. గ్రాఫు గీస్తే రెండూ అలల్లాగే ఊగుతున్నాయి. తేడా ఎక్కడుంది? రెండు ఆవర్తన ప్రమేయాలను కూడితే ఎప్పుడూ ఆవర్తన ప్రమేయమే వస్తుందా?
– ఇంటర్ విద్యార్థిని, గాజువాక, విశాఖపట్నం

జవాబు: నిర్వచనంలో ‘ప్రతి’ అన్న మాటను వదిలేస్తే ఈ అనుమానం తీరదు. ఎక్స్ ఏదైనా సరే, దానికి ‘టి’ అనే ఒకే ధనసంఖ్యను కలిపినప్పుడల్లా ప్రమేయం విలువ మారకుండా ఉంటేనే అది ఆవర్తన ప్రమేయం. అలాంటి ‘టి’లలో కనిష్ఠమైనది ఉంటే దాన్ని ఆవర్తనం అంటాం. (స్థిర ప్రమేయానికి ఏ ధనసంఖ్యయినా సరిపోతుంది కనుక దానికి కనిష్ఠం ఉండదు.)

మీరు గీసిన రెండో గ్రాఫు సున్నాను తాకే చోట్లు సమదూరంలోనే ఉంటాయి. మిమ్మల్ని మోసగించినవి అవే. శిఖరాల దగ్గర చూడండి: ఎక్స్ 90 డిగ్రీలకు, అంటే 1.57 రేడియన్లకు, సమానమైనప్పుడు విలువ 1.57, ఒక పూర్తి చుట్టు తరువాత అదే స్థానంలో 7.85. తెగకుండా సాగే ఆవర్తన ప్రమేయం ఒక ‘టి’ పొడవులో అందుకున్న ఎత్తును ఇంకెక్కడా దాటలేదు.

రెండో ప్రశ్నకు మీ ఊరి సముద్రమే మంచి ఉదాహరణ. చంద్రుడి వల్ల వచ్చే ప్రధాన పోటు సుమారు 12 గంటల 25 నిమిషాలకు, సూర్యుడి వల్ల వచ్చేది 12 గంటలకు ఒకసారి వస్తాయి. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో ఇవి జతకలవడం వల్లనే పోటు ఎక్కువగా ఉంటుంది. ఈ అంకెలను కచ్చితమైనవిగా తీసుకుంటే 745, 720 నిమిషాల క.సా.గు. 1,07,280 నిమిషాలు కనుక, ఈ రెంటి మొత్తం 74 రోజుల 12 గంటలకు ఒకసారి పునరావృతమవుతుంది.

ఆవర్తనాల నిష్పత్తి కరణీయ సంఖ్య అయితే మాత్రం కథ మారుతుంది. కొసైన్ ఎక్స్‌కు, ‘రూట్ 2 రెట్లు ఎక్స్’ యొక్క కొసైన్‌ను కూడండి. ఎక్స్ సున్నా అయినప్పుడు మొత్తం 2. మళ్లీ 2 రావాలంటే రెండు కొసైన్లూ ఒకేసారి 1 కావాలి, అంటే రెండూ పూర్తి చుట్లు ముగించి ఉండాలి. అప్పుడు రూట్ 2 రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తి అయి తీరాలి, అది అసాధ్యం. కనుక ఈ మొత్తం 2కు ఎంత దగ్గరికైనా మళ్లీమళ్లీ వస్తుంది గానీ, 2ను ఇంకెన్నడూ తాకదు. ఇటువంటి వాటికి ‘దాదాపు ఆవర్తన ప్రమేయాలు’ అనే సిద్ధాంతాన్ని 1920లలో డెన్మార్క్ గణితవేత్త హరాల్డ్ బోర్ నిర్మించారు.