సెకండ్ హ్యాండ్ బిజినెస్ జెట్: వయసు కంటే ఇంజిన్ కాగితాలు ముఖ్యం

ప్రశ్న: అమెరికాలో పాత బిజినెస్ జెట్లు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయని కొందరు, కొత్తవాటికి ఏళ్ల తరబడి ఆగాలని మరికొందరు అంటున్నారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? - ఒక పాఠకుడు, డాలస్

జవాబు: రెండూ నిజమే. అయితే పాత విమానాలన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. 2008లో ప్రపంచవ్యాప్తంగా 1,300కు పైగా బిజినెస్ జెట్లు కొనుగోలుదారులకు అందాయి. ఆ ఏడాది వచ్చిన ఆర్థిక సంక్షోభంతో తయారీ సంస్థలు ఉత్పత్తిని బాగా తగ్గించుకున్నాయి, ఆ తరువాత మళ్లీ ఆ స్థాయికి పోలేదు. 2023లో 730, 2024లో 764 మాత్రమే అందాయి. అందుకే పదేళ్లలోపు వయసున్న మంచి విమానాలు నేటికీ తక్కువగానే అమ్మకానికి వస్తున్నాయి, వచ్చినవి ధర నిలబెట్టుకుంటున్నాయి. ధర జారిపోతున్నది ఇరవై ఏళ్లు దాటినవాటికే.

కొవిడ్ కాలంలో ఈ తేడా కనిపించలేదు. విమానయాన సంస్థలు సర్వీసులు తగ్గించుకోవడంతో, అంతవరకు సొంత విమానం ఆలోచనే లేనివారు కూడా కొనడానికి ముందుకొచ్చారు. మామూలు రోజుల్లో మొత్తం జెట్లలో దాదాపు పది శాతం అమ్మకానికి ఉండేవి, 2022 ఆరంభానికి అది నాలుగు శాతం లోపుకు పడిపోయింది. పోటీ తట్టుకోలేక కొందరు కొనేముందు చేయించవలసిన తనిఖీని సైతం వదులుకున్నారు. ఆ ధోరణి చాలా ప్రమాదకరమని నా గట్టి అభిప్రాయం. వడ్డీరేట్లు పెరిగి తొలి ఉత్సాహం చల్లబడ్డాక అమ్మకానికి వచ్చేవాటి సంఖ్య మళ్లీ పెరిగింది, కొనేవారికి బేరమాడే వీలు తిరిగి దక్కింది.

కొత్త విమానాల విషయంలో అసలు ఒత్తిడి, పలువురు ఖాతాదారుల కోసం విమానాలు నడిపే పెద్ద ఆపరేటర్ల నుంచి వస్తోంది. వారిలో ఒకటైన నెట్‌జెట్స్ సంస్థ 2023లో బ్రెజిల్ తయారీ సంస్థ ఎంబ్రాయర్‌తో 250 వరకు ప్రేటర్ 500 రకం విమానాలకు ఒప్పందం చేసుకుంది. 2025 ఫిబ్రవరిలో మరో ఆపరేటర్ ఫ్లెక్స్‌జెట్ అదే ఎంబ్రాయర్‌కు 182 విమానాలు ఆర్డరిచ్చింది. తయారీ వరుసలో వారి వాటా పోగా మిగిలిన స్థానాల కోసమే విడి కొనుగోలుదారులు ఎదురుచూడాలి. ఇంజిన్లు, విడిభాగాలు సకాలంలో అందకపోవడం దీనికి తోడైంది.

పన్ను సంగతి కూడా చూడాలి. అమెరికాలో 2017 నాటి చట్టం, వ్యాపారానికి కొన్న విమానం విలువ మొత్తాన్ని మొదటి ఏడాదే తరుగుదలగా చూపి పన్ను లెక్కలో ఆదాయం నుంచి తీసేసుకునే వీలు కల్పించింది. పాత విమానానికీ అది వర్తించింది. ఆ సదుపాయం 2023లో 80 శాతానికి, 2024లో 60 శాతానికి తగ్గింది. 2025 జులై 4న సంతకమైన చట్టం, ఆ ఏడాది జనవరి 19 తరువాత కొన్నవాటికి దానిని మళ్లీ నూరు శాతం చేసింది. వాడకంలో సగానికి మించి వ్యాపారానిదే కావాలి. డిసెంబరులో ఒప్పందాలు ముగించడానికి హడావిడి పడేది ఇందుకే. కానీ విమానాన్ని తిరిగి అమ్మినప్పుడు, తీసుకున్న తరుగుదల మేరకు వచ్చిన లాభంపై పన్ను కట్టక తప్పదు. అమ్మిన డబ్బుతో మరో విమానం కొని ఆ పన్నును వాయిదా వేసుకునే పాత వెసులుబాటు 2018 నుంచి లేదు. పన్ను మినహాయింపును చూసి విమానాన్ని ఎంచుకోవద్దని నేను చెప్పేది అందుకే.

ప్రశ్న: పాతికేళ్ల లియర్‌జెట్ ఒక మంచి కారు ధరకు కొంచెం అటూ ఇటూగా దొరుకుతోందని స్నేహితుడు ఊరిస్తున్నారు. కొనవచ్చునా? - ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ముందు రెండు ఇంజిన్ల లాగ్‌బుక్కులు చూడండి. తదుపరి ఓవర్‌హాల్‌కు (ఇంజిన్‌ను విప్పి పూర్తిగా బాగుచేయడానికి) ఎన్ని గంటలు మిగిలాయి, గంటకు ఇంత అని చెల్లించే నిర్వహణ పథకంలో ఇంజిన్లు ఉన్నాయా అన్నవే ధరను తేలుస్తాయి. పథకంలో లేని ఇంజిన్లకు గడువు దగ్గరపడితే, రెండింటి ఓవర్‌హాల్ ఖర్చు విమానం ధరనే మించిపోవచ్చు. అటువంటివాటిని కొందరు విడిభాగాల కోసమే కొని విప్పేస్తారు. అమ్మకందారుతో సంబంధంలేని వర్క్‌షాప్‌లో తనిఖీ చేయించండి. సన్నటి గొట్టం చివర కెమెరా ఉండే బోరోస్కోప్‌ను ఇంజిన్ లోపలికి పంపి, టర్బైన్ రెక్కల అంచులు కాలాయా, పగుళ్లున్నాయా అని చూస్తారు. లాగ్‌బుక్కులో కొన్నేళ్ల పేజీలు లేవంటే, విమానం ఎంత మెరుస్తున్నా వెనక్కి రండి. లియర్‌జెట్ తయారీ 2022 మార్చిలో ఆగిపోయింది. విడిభాగాల సరఫరాను దాని తయారీ సంస్థ బంబార్డియర్ కొనసాగిస్తోంది కాబట్టి దాని గురించి అంతగా బెంగ అక్కర్లేదు.

ప్రశ్న: అక్కడ చవకైన జెట్‌ను హైదరాబాద్‌కు తెచ్చుకుంటే లాభమేనా? - ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సొంత వాడకానికైతే లెక్క కుదరడం కష్టం. వ్యక్తిగత వాడకపు విమానాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. అంతకుముందు 28 శాతం, దానిపై 3 శాతం సెస్ ఉండేది. పైలట్ల జీతాలు, హ్యాంగర్ అద్దె, బీమా వేరు. ఏడాదిలో కొద్ది ప్రయాణాలే ఉన్నవారు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నుంచి నాన్-షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ (నిర్ణీత వేళలు లేకుండా విమానాలు నడిపే అనుమతి) పొందిన సంస్థ దగ్గర విమానాన్ని చార్టర్‌గా, అంటే అద్దెకు తీసుకోవడమే మేలు.