బార్తెల్ స్కోరు పెరిగింది, చెయ్యి మాత్రం లేవలేదు: ఆ మార్కుల్ని నమ్మొచ్చా?

నమ్మొచ్చండీ. ఎడమవైపు పక్షవాతం వచ్చిన రెండు నెలలకు మీ అత్తగారి స్కోరు 40 నుంచి 60 అయిందని ఒంగోలులో ఫిజియో చెప్పారనీ, చెయ్యి మాత్రం కదలడం లేదనీ రాశారు. రెండూ నిజమే అయ్యుంటాయి. బార్తెల్ స్కోరు చేతిని కొలవదు, రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటున్నారో కొలుస్తుంది.

1965 నుంచి ఉన్న లెక్క ఇది. తినడం, స్నానం, తల దువ్వుకోవడం, బట్టలు కట్టుకోవడం, మలమూత్రాల అదుపు, మరుగుదొడ్డి వాడటం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడక, మెట్లు. అన్నీ కలిపి 100. ఏ చేత్తో చేశారని అడగరు. ఒకరి సాయం లేకుండా కుడిచేత్తో కలుపుకుని తింటే తిండికి పదికి పది. కర్ర పట్టుకుని నడిచినా మార్కులు పోవు. మూత్రం పూర్తిగా అదుపులోకి వచ్చినా పది మార్కుల దాకా పెరుగుతాయి, అది చూసేవాళ్ళకు కనపడదు గానీ పక్క మార్చే మనిషికి ఎంత ఊరటో! కాబట్టి మొత్తం అంకె కాకుండా, ఏ పనికి ఎంత వేశారో ఆ కాగితం చూపించమనండి.

మాది కావలి దగ్గర పల్లె. నాయనకూ ఎడమవైపే వచ్చింది. నెల్లూరులో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన మార్కులు బాగానే ఉండేవి. గట్టి మంచం, గోడకు పట్టుకునే కమ్మీ, కుర్చీలా కూర్చునే దొడ్డి. ఇంటికొస్తే నులక మంచం. మధ్యలో కుంగిపోయే ఆ మంచం మీంచి లేవాలంటే మంచి కాళ్ళున్నవాడికే కష్టం. దొడ్డేమో పెరట్లో, గొంతుకు కూర్చునేది. ఇంటికొచ్చి చూసిన ఫిజియో మళ్ళీ లెక్క వేస్తే మార్కులు తగ్గాయి. జబ్బు పెరగలేదు, చోటు మారింది. మంచం కింద చెక్క వేసి, దొడ్లో మధ్యన కంత ఉన్న కుర్చీ పెట్టాక సగం ఇబ్బంది తీరింది.

ఇంకో సంగతి. ఈ స్కోరు రోగి ఏం చేయగలరో అని కాదు, రోజూ ఏం చేస్తున్నారో చూసి వేయాలి. మా మేనత్త ప్రేమకొద్దీ ముద్దలు కలిపి నాయన నోట్లో పెట్టేది. పెట్టినన్నాళ్ళూ తిండికి మార్కులు రావు, చెయ్యీ అలవాటు పడదు. పెద్దవాళ్ళతో ఈ మాట చెప్పడం ఎంత కష్టమో మీకూ తెలుసు. ఫిజియో చేతే చెప్పించండి.

అత్తగారిది ఎడమవైపు కాబట్టి ఒకటి తప్పకుండా గమనించండి. నాయన పళ్ళెంలో కుడివైపు అన్నం తినేసి, ఎడమవైపు కూర అలాగే వదిలేసేవాడు. ఇష్టంలేక కాదు, మెదడు ఆ వైపును పట్టించుకోదు. తనంతట తాను తిన్నాడు గనుక బార్తెల్‌లో పూర్తి మార్కులే! కాగితం మీద గీతలు గీసి అన్నీ కొట్టేయమంటే ఎడమవైపువి వదిలేస్తారు, అట్టా తేలుతుంది. నాకైతే చెయ్యి లేవకపోవడం కన్నా ఇదే భయం. అటునుంచి బండి వస్తున్నా చూడరు.

చేతి సంగతి తెలియాలంటే ఫ్యూగల్ మేయర్ పరీక్ష వేరే ఉంది, చేతి భాగానికి 66 మార్కులు. మొదటిసారి ఎంతో, ఇప్పుడెంతో అడగండి. మాట, జ్ఞాపకం, దిగులు కూడా బార్తెల్‌లో లేవు. సదరం శాతానికీ దీనికీ ముడిపెట్టకండి, అది డాక్టర్లు విడిగా చూసి ఇచ్చేది. ఈలోగా చెయ్యి లేవడం లేదని రెక్క పట్టుకుని లాగి లేపనివ్వకండి, భుజం నొప్పి పట్టుకుంటే వ్యాయామం చేయనివ్వరు.

ఈసారి వెళ్ళేటప్పుడు ఆమె మంచం దిగడం, అన్నం తినడం, దొడ్డి దాకా నడవడం ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్ళండి. ఇల్లు ఎట్టా ఉందో ఫిజియోకు తెలియాలి కదా.